చెట్టు నరకకుండా క్రిస్మస్ చెట్టు: వెదురు బద్దలు, కుండీ మొక్క, ఒక పాత చీర

డిసెంబరు రెండో వారానికల్లా కోస్తా ఊళ్ళలో సైకిళ్ళ వెనకా, ఆటోల మీదా సరుగుడు తలలు కనిపిస్తాయి. కొన్నిచోట్ల సర్వి అంటారు, కొన్నిచోట్ల చవుకు అంటారు, చెట్టు మాత్రం ఒక్కటే. ఆరడుగుల తల తెచ్చి, బకెట్లో ఇసుక పోసి నిలబెట్టి, జిగేల్ కాగితం చుట్టి, సీరియల్ సెట్టు వేస్తే క్రిస్మస్ చెట్టు తయారు. కొత్త సంవత్సరం వచ్చేసరికి అది ఎండి, గచ్చంతా తుక్కు రాలి, వీధి చివర కుప్పలో పడుతుంది.

ఆ తల ఎక్కడిది అన్నదే అసలు విషయం. ఎదుగుతున్న సరుగుడు మొక్క తల కొట్టేస్తే అది మళ్ళీ నిటారుగా పెరగదు. పక్క కొమ్మలు రెండో మూడో పోటీపడి పైకి లేస్తాయి, మాను వంకరపోతుంది, బాదుగా అమ్ముడుపోదు. నాలుగేళ్ళు చూసుకుని నరుక్కునే రైతుకి అది నేరుగా నష్టం. ఇక సముద్రపు ఒడ్డున వరసలుగా కనిపించే సరుగుడు తోపుల సంగతి వేరు. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన తర్వాత గాలికి అడ్డుగా తీరం వెంబడి ఇలాంటి తోపులు పెంచడం బాగా పెరిగింది. వాటిని పండగ కోసం కొట్టడం నేరం. తుఫాను దారిలో ఉన్న ఊరికి అంతకంటే చెరుపు ఇంకొకటి లేదు.

చెట్టు లేకపోతే పండగ లేదా అని అడిగేవాళ్ళకి ఒక మాట. క్రైస్తవ సన్యాసి ఫ్రాన్సిస్ అస్సీసీ ఇటలీలోని గ్రెచ్చోలో యేసు పుట్టుకను చూపే పశువుల పాక ఏర్పాటు చేసింది 1223లో, చెట్టు కంటే ముందే. అలంకరించిన చెట్టు రైన్ నది పక్క ఆల్సేస్ ప్రాంతపు రికార్డుల్లో కనపడేది 16వ శతాబ్దంలో. విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడ్డ బొమ్మ లండన్ పత్రికలో అచ్చయింది 1848లో, ఆ తర్వాతే అది ఇంగ్లిషు ఇళ్ళలో ఫ్యాషనయింది. ఇక్కడికి చేరాక దేవదారు స్థానంలో సరుగుడు వచ్చింది. అంటే చెట్టు మొదటి నుంచీ మారుతూ వచ్చినదే. 19వ శతాబ్దం చివర జర్మనీలో కుర్ర చెట్ల తలలు కొట్టేయడం మితిమీరి, పెద్దబాతు ఈకలకు ఆకుపచ్చ రంగు వేసి, తీగకు చుట్టి, కర్రకు గుచ్చి చెట్లు చేసుకున్నారు. మన సరుగుడు తలల సమస్యే అది.

ఏ దారి ఎవరికి

అద్దె ఇంట్లో, చిన్న హాల్లో ఉండేవాళ్ళకి వెదురు చెట్టు మేలు. మడవడానికి కుదరదు గానీ తేలిక, అటక మీదికి పోతుంది. వరండా, పెరడు ఉన్నవాళ్ళు కుండీ మొక్క పెంచుకోవచ్చు. గుడికి (చర్చికి) పది పన్నెండడుగులది కావాలంటే కోత పడిన తోటలో తలలు అడగాలి. ఇంట్లో ఇప్పటికే ప్లాస్టిక్ చెట్టు ఉంటే వీటిలో ఏదీ అవసరం లేదు, దాన్నే వాడండి. దాని గురించి కింద చెబుతాం.

వెదురు బద్దల చెట్టు: అయిదడుగులది

ఇరవై అడుగుల వెదురు ఒక్కటి చాలు. మేదరి వాళ్ళ దగ్గరే కొని, అక్కడే ఎనిమిది బద్దలుగా చీల్పించుకోండి. ఇంట్లో కత్తిపీటతో చీలిస్తే కణుపు దగ్గర బద్ద పక్కకి పోయి ఒకవైపు సన్నబడుతుంది. వాళ్ళ చేతిలో తిన్నగా వస్తుంది. ఈ ఎనిమిదిలో చెట్టుకీ, కింద చెప్పే గుమ్మం నక్షత్రానికీ కలిపి అయిదు సరిపోతాయి. మిగిలినవి విరిగినప్పటికి.

తెచ్చిన బద్దల్ని మూడు రోజులు నీళ్ళలో నానబెట్టండి, రోజూ నీళ్ళు మార్చండి. వెదురులో ఉండే పిండి పదార్థం కోసమే పుచ్చు పురుగు వస్తుంది. నానబెడితే అది కొంతవరకు తగ్గుతుంది. ఈ పని ఎగ్గొడితే మరుసటి ఏడాది అటక మీద నుంచి దించేసరికి బద్దల నుంచి పౌడరులా తెల్లటి పొడి రాలుతుంది. రింగులకు వాడే బద్దలు తడిగా ఉన్నప్పుడే వంచాలి. నిలువు బద్దలు మాత్రం నీడలో రెండు రోజులు ఆరనివ్వండి.

కోసుకోవలసిన ముక్కలు: నిలువు బద్దలు 5 అడుగుల 6 అంగుళాలవి ఆరు, అంగుళం వెడల్పు. కింది రింగుకి 10 అడుగులు, మధ్య రింగుకి 7 అడుగులు, పై రింగుకి 4 అడుగులు. ఇవికాక 20 గేజీ బైండింగ్ వైరు పావు కిలో, జనపనార పురికొస ఒక ఉండ (కనీసం 32 మీటర్లు), ఎనిమిది అంగుళాల గుండ్రటి కర్ర ముక్క ఒకటి, ఇటుకలు రెండు. పాత చీపురు కర్ర కోసినా ఆ ముక్క వస్తుంది.

మొదట రింగులు. ఆకుపచ్చ తొక్క బయటికి, తెల్ల గుజ్జు వైపు లోపలికి ఉండేలా వంచండి. వంపులో బయటి వైపే లాగుడు పడుతుంది, దాన్ని తట్టుకునే బలం తొక్కలోనే ఉంది. తిరగేసి వంచితే కణుపు దగ్గర టప్పున విరుగుతుంది. కింది రింగు అడ్డంగా కొలిస్తే 3 అడుగులు రావాలి, మధ్యది 2 అడుగులు, పైది 1 అడుగు. మిగిలిన పొడవు ఒకదాని మీద ఒకటి ఎక్కించి రెండుచోట్ల వైరుతో బిగించాలి. పై రింగు చిన్నది కాబట్టి ఆ బద్దను ముందే కత్తితో 3 మిల్లీమీటర్ల మందానికి చెక్కండి. అప్పటికీ మొరాయిస్తే వేడినీళ్ళు పోస్తూ వంచండి.

రింగుల మీద నిలువు బద్దలు వచ్చేచోట సుద్దముక్కతో గుర్తులు పెట్టాలి. కింది రింగు చుట్టూ 18 ముప్పావు అంగుళాలకు ఒకటి, మధ్య రింగు మీద 12 అర అంగుళాలకు ఒకటి, పై రింగు మీద 6 పావుకి ఒకటి. ఆరేసి గుర్తులు వస్తాయి. నిలువు బద్దల మీద కింది నుంచి 21 అంగుళాల దగ్గర, 42 అంగుళాల దగ్గర గుర్తు పెట్టండి.

ఇప్పుడు ఆరు బద్దల పై చివరలు మూడున్నర అంగుళాల మేర పలచగా చెక్కి, కర్ర ముక్క చుట్టూ పేర్చి, వైరుతో గట్టిగా పది చుట్లు చుట్టండి. కర్ర పైకి నాలుగంగుళాలు మిగలాలి, చెట్టు మీది చిన్న నక్షత్రం కూర్చునేది దాని మీదే. కర్ర లేకుండా బద్దల్నే కలిపి కడితే ఆరు అంచులు ఒకదాని మీద ఒకటి జారి, చెట్టు తల ఒకవైపు తిరిగిపోతుంది. వెదురు చెట్లు వంకరగా రావడానికి చాలాసార్లు కారణం ఇదే.

తల కట్టాక బద్దల కాళ్ళు విప్పి, కింది రింగును గుర్తుల దగ్గర కట్టండి, తర్వాత మధ్యది, చివరికి పైది. రింగులు బద్దల లోపలి వైపు ఉండాలి. నేల మీద నిలబెట్టి నాలుగు వైపులా తిరిగి చూడండి. ఊగుతుంటే పొట్టి కాలు కింద అట్టముక్క పెట్టకండి, పొడుగు కాలు కోయండి. అట్టముక్క మూడో రోజుకి జారిపోతుంది. కింది రింగు మీద అడ్డంగా రెండు బద్దలు కట్టి ఇటుకలు పెట్టండి. ఇటుకల్లేకపోతే ఫ్యాను గాలికే నడుస్తుంది.

తర్వాత పురికొస. కింది నుంచి మొదలుపెట్టి నాలుగంగుళాల ఎడంతో మెలికగా పైదాకా చుట్టుకుపోవాలి. ప్రతి బద్ద దగ్గరా ఒక చుట్టు వేసి లాగాలి, లేకపోతే బరువు పడగానే అన్నీ కిందికి జారతాయి. చుట్టుకే 72 అడుగులు పోతుంది, బద్దల దగ్గర ముళ్ళకి ఇంకో పాతికో ముప్ఫయ్యో.

చీరతో ఆకు

ఆకుపచ్చ పాత నూలు చీర ఒకటి. అయిదున్నర మీటర్ల చీర అంటే 18 అడుగులు, వెడల్పు సుమారు 45 అంగుళాలు. పొడుగునా 9 అంగుళాల చొప్పున చింపితే అయిదు పట్టీలు, మొత్తం 90 అడుగులు. చెట్టుకి కావలసింది 72. కత్తెరతో కొయ్యకండి, అంచున చిన్న గాటు పెట్టి చింపండి. నూలు చీర దారం వెంబడి తిన్నగా చిరుగుతుంది.

ప్రతి పట్టీని పొడుగునా సగానికి మడిచి, మడత కాని వైపు నుంచి మూడున్నర అంగుళాల లోతున, అర అంగుళానికి ఒకటి చొప్పున గాట్లు పెట్టుకుంటూ వెళ్ళండి. మడత వైపు అంగుళం అలాగే వదిలేయాలి. ఎక్కువ పొద్దు పట్టే పని ఇదే. పిల్లల్ని నలుగుర్ని కూర్చోబెడితే ఒక సాయంత్రంలో తెగిపోతుంది. తెగిన కుచ్చును రెండు చేతుల్తో నలిపి దులపండి, అంచుల దారాలు లేచి ఆకులా పొదిగి నిలుస్తుంది. కొత్త చీర నలిపినా ఇలా రాదు, గంజి పోయి ఉతికి ఉతికి మెత్తబడిన చీరకే వస్తుంది.

మడత అంచును పురికొసకు కుడుతూ చుట్టండి, బద్దకి రెండు కుట్లు. పాక కప్పినట్టు కింది నుంచి పైకి రావాలి. పై వరస కుచ్చు కింది వరస మడతను కప్పేస్తుంది, పురికొస ఎక్కడా కనపడదు. పై నుంచి మొదలుపెట్టినవాళ్ళు సగంలో విప్పి మళ్ళీ చేసుకోవలసిందే.

నూలు గుడ్డ నిప్పుకి తేలిగ్గా అంటుకుంటుంది. ఈ చెట్టు మీద, చెట్టుకి మూడడుగుల లోపల కొవ్వొత్తి వద్దు.

వెదురు నక్షత్రం: ముప్ఫై అంగుళాలది

మనవైపు క్రిస్మస్ వచ్చిందని వీధికి చెప్పేది చెట్టు కాదు, గుమ్మం ముందు నక్షత్రం. ఇప్పుడు అంగట్లో మడత విప్పే అట్ట నక్షత్రాలు, ప్లాస్టిక్ నక్షత్రాలు దొరుకుతున్నాయి. ఒక మంచుకో ఒక వానకో అట్టది పోతుంది, ప్లాస్టిక్‌ది ఎండకి పెళుసెక్కి పగులుతుంది. వెదురుది అయితే చట్రం పదేళ్ళు నిలుస్తుంది, ఏటా కాగితం మారిస్తే చాలు.

30 అంగుళాల బద్దలు పది. అర అంగుళం వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం, అంతకు మించితే వంగవు. ఏడేసి అంగుళాల ముక్కలు అయిదు, వీటిని కాస్త మందంగానే ఉంచండి. పొడుగు బద్దల మీద రెండు చివరల నుంచీ 11 అర అంగుళాల దగ్గర గుర్తు పెట్టండి. మధ్యలో ఏడంగుళాలు మిగులుతుంది.

అయిదు బద్దలతో నేల మీద నక్షత్రం పేర్చండి, చెయ్యి ఎత్తకుండా గీసే అయిదు మూలల చుక్క ఉంటుందే, అలా. ప్రతి బద్దా ఒకదాని పై నుంచి, తర్వాతదాని కింద నుంచి పోవాలి. కొనలు కట్టాక గుర్తులన్నీ లోపల గుర్తుల మీదే పడితే నక్షత్రం సరిగ్గా వచ్చినట్టు. పడకపోతే ఏదో ఒక బద్ద పొడుగు తేడా ఉంది, కొలిచి సరిచేయండి. లోపలి అయిదు కూడళ్ళనూ దారంతో కట్టండి. ఇలాంటివి రెండు చేసి, ఒకదాని మీద ఒకటి పెట్టి కొనలు అయిదూ కలిపి కట్టేయండి. ఇప్పుడు లోపలి కూడళ్ళ మధ్య ఏడంగుళాల ముక్కలు ఒక్కొక్కటే నిలబెట్టాలి. వరసగా కాకుండా ఒకటి విడిచి ఒకటి పెట్టుకుంటూ వెళ్ళండి, ఒకవైపు నుంచి వరసగా పెడితే చివరిది దూరేసరికి ఎదుటి కొన విరుగుతుంది.

ముక్కలు ఏడంగుళాలే ఎందుకంటే, అప్పుడు నక్షత్రానికి కావలసిన ఇరవై త్రికోణాలూ ఒకే కొలతకి వస్తాయి: అడుగు 7, రెండు పక్కలూ 11 అర. అట్టముక్క మీద ఒకటి కోసుకుని, దాని చుట్టూ ముప్పావు అంగుళం అంటించడానికి వదిలి, కాగితం మీద ఇరవై గీసేయండి. ముందూ వెనకా మధ్యలో ఉండే అయిదు పలకల ముక్కకి 6 అంగుళాల వ్యాసార్ధంతో వృత్తం గీసి, దాని మీద 7 అంగుళాల ఎడంతో అయిదు చుక్కలు పెట్టి కలపండి. ఇవి రెండు. వెనకది మూడు వైపులే అంటించండి, బల్బు మార్చడానికి.

జిగురుకి నాలుగు చెంచాల మైదా, గ్లాసున్నర నీళ్ళు. ముందు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, తర్వాత సన్న సెగ మీద తిప్పుతూ గాజులా మెరిసేదాకా ఉడికించాలి. మరిగే నీళ్ళలో మైదా పోస్తే ఉండలు కట్టి కాగితం మీద గడ్డలు తేలతాయి. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపే అలవాటు ఉంది, అది విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు. ఏ రోజుది ఆ రోజు ఉడికించుకోండి.

గాలిపటం కాగితం వెలుగుని బాగా పంపుతుంది, కానీ డిసెంబరు మంచుకి తెల్లవారేసరికి నీరసపడి వేలాడుతుంది. అంటించేటప్పుడు కాగితం మీద చేత్తో నీళ్ళు చిలకరించి అంటిస్తే ఆరాక తప్పెటలా బిగుసుకుంటుంది. ఆరుబయట నెల రోజులుండాలంటే కాగితం బదులు పలచటి పాత వోణీ గుడ్డ మేలు, రంగూ బాగుంటుంది.

లోపల 5 వాట్ల ఎల్‌ఈడీ బల్బు చాలు. పాత గుండు బల్బు వేడికి కాగితం మాడి, చివరికి అంటుకుంటుంది. హోల్డరును నిలువు ముక్కకి కట్టండి, బల్బు కాగితానికి తగలకూడదు. నక్షత్రం ఎత్తే కర్ర ఎండిన వెదురుదే అయినా కరెంటు తీగలకు దూరంగా నాటండి. వెదురు తడిస్తే కరెంటు పారుతుంది. ఇనుప పైపు అసలే వద్దు. కర్ర పైన కప్పీ పెట్టి తాడుతో ఎక్కించి దించేలా చేసుకోండి. డిసెంబరు తుఫాన్లు మనకి కొత్త కాదు. 2023లో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న, అప్పటికే చాలా గుమ్మాల ముందు నక్షత్రాలు వేలాడుతున్నాయి. హెచ్చరిక వచ్చిన రోజే దించి లోపల పెట్టాలి.

కుండీ మొక్క

నర్సరీల్లో క్రిస్మస్ ట్రీ అని అమ్మేది అరౌకేరియా. పసిఫిక్ దీవుల చెట్టు, నిటారుగా, మెట్లు మెట్లుగా కొమ్మలు వేస్తుంది. కొనేముందు కుండీలో మట్టి దగ్గర వేలు పెట్టి చూడండి. గుబురుగా కనపడటానికి ఒకే కుండీలో మూడు నాలుగు మొక్కలు గుచ్చుతారు. ఏడాది తిరిగేసరికి ఒకదానితో ఒకటి కొట్టుకుని అన్నీ బక్కచిక్కుతాయి. ఒకే కాండం ఉన్నది, కింది మెట్టు కొమ్మలు పచ్చగా ఉన్నది ఎంచుకోండి. ఈ చెట్టుకి ఒకసారి రాలిన కింది కొమ్మ మళ్ళీ రాదు.

14 అంగుళాల కుండీ, కింద చిల్లులు తప్పనిసరి. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు మాగిన పశువుల ఎరువు. పై మట్టి అంగుళం లోతున పొడిగా తగిలితేనే నీళ్ళు. రోజూ పోస్తే కింది కొమ్మలు పసుపెక్కి రాలతాయి, అది చూసి ఎండిపోతోందనుకుని ఇంకా పోస్తారు, వేరు కుళ్ళి చచ్చిపోతుంది. ఈ మొక్కలు ఎక్కువగా పోయేది ఇలాగే. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నపు ఎండ నుంచి ఆకుపచ్చ నెట్టు నీడ కావాలి. వారానికోసారి కుండీని పావు వంతు తిప్పండి, లేదంటే వెలుగు వైపు వాలిపోతుంది.

ఇంట్లోకి తెచ్చేది పది పన్నెండు రోజులే, అదీ కిటికీ పక్కన. ఏసీ గాలి నేరుగా తగలకూడదు. కొమ్మలు మెత్తనివి, కాగితపు బొమ్మలు, దారం గంటల వంటి తేలికవే వేలాడదీయండి. తల ఎప్పుడూ కత్తిరించకండి. పెద్దదయ్యాక నేలలో నాటాలనుకుంటే ఇంటి గోడ పక్కనా, కరెంటు తీగల కిందా వద్దు. నేలలో పడ్డాక అది అరవై అడుగులకి కూడా పోతుంది.

అరౌకేరియా ధర ఎక్కువనిపిస్తే సరుగుడు నారే తెచ్చుకోండి. జూన్, జులైల్లో అడుగు ఎత్తు మొక్కని 16 అంగుళాల కుండీలో ఇసుక ఎక్కువ కలిపిన మట్టిలో నాటితే క్రిస్మస్ నాటికి చిన్న చెట్టు రూపు వస్తుంది. నెలకోసారి పక్క రెమ్మల చివర్లు మాత్రం గిల్లుతూ ఉంటే గుబురుగా కమ్ముకుంటుంది. సరుగుడు రెమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని మెల్లగా లాగి చూడండి, కణుపు దగ్గర టక్కున ఊడుతుంది. ఆకు అనుకునేది ఆకు కాదు, సన్నటి కొమ్మ. కణుపు చుట్టూ పంటి వరసలా ఉన్న బుల్లి పొలుసులే ఆకులు. ఎండిన సరుగుడు తల గచ్చంతా తుక్కు చేసేది ఈ కణుపుల దగ్గర ఊడటం వల్లే. బతికున్న మొక్కకి ఆ బాధ లేదు. రెండో పండగ అయ్యాక పొలం గట్టునో గుడి ఆవరణలోనో నాటేయండి.

కోత పడిన తోటలో తలలు

సరుగుడు రైతు పంట. నరకాల్సిన తోట నరకడంలో తప్పేం లేదు. మాను కాగితపు మిల్లుకో బాదులకో పోతుంది, తలా కొమ్మా వంటచెరకు కింద మిగులుతాయి. డిసెంబరులో కోత పడే తోట ఎక్కడుందో కనుక్కుని, రైతుని అడిగి డబ్బిచ్చి తల తెచ్చుకుంటే ఏ చెట్టూ అదనంగా పోదు. గుడికి ఇదే సరైన దారి. తెచ్చిన వెంటనే అడుగు భాగం అంగుళం మేర మళ్ళీ కోసి, తడి ఇసుక నింపిన బకెట్లో అడుగు లోతున పాతి, రోజూ చెంబుడు నీళ్ళు పోయండి. 24కి ముందు రెండు మూడు రోజుల్లోనే తెచ్చుకోవాలి. పది రోజులు దాటితే ఎండు తుక్కే, అగ్గిపుల్ల చాలు.

ప్లాస్టిక్ చెట్టు ఉన్నవాళ్ళకి

బ్రిటన్‌లోని కార్బన్ ట్రస్ట్ అంచనా ప్రకారం రెండు మీటర్ల ప్లాస్టిక్ చెట్టు వెనక దాదాపు 40 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కి సమానమైన ఉద్గారం ఉంటుంది. అదే ఎత్తు కోసిన చెట్టుకి, పండగ తర్వాత కాల్చినా పొడి చేసి మట్టిలో కలిపినా, 3.5 కిలోలు. చెత్తదిబ్బలో పాతిపెడితే 16. అంటే ప్లాస్టిక్‌ది కొన్నాక పదేళ్ళకు పైగా వాడితేనే న్యాయం. కాబట్టి ఉన్నదాన్ని పారేసి వెదురుది చేసుకోవడం పర్యావరణానికి మేలు కాదు. ఊడిన కొమ్మను బైండింగ్ వైరుతో కట్టుకోండి, పలచబడినచోట చీర కుచ్చు చుట్టండి. పాత పీవీసీ చెట్లలో కొన్నింటిలో సీసం ఉంటుంది. దించినప్పుడు తడిగుడ్డతో తుడిచి, చేతులు కడుక్కున్నాకే అన్నం ముట్టుకోండి.

అమెరికా, బ్రిటన్లలో ఉన్న తెలుగువాళ్ళ లెక్క వేరు. అక్కడ కోసి అమ్మేవి ఎక్కువగా ఆ పని కోసమే తోటల్లో పెంచినవి. దగ్గరి తోటలో కొని, జనవరిలో మునిసిపాలిటీ సేకరించేటప్పుడు అలంకరణలన్నీ తీసి ఇచ్చేస్తే చాలు. ఒక్క తళుకు పోగు మిగిలినా చాలాచోట్ల చెట్టు తీసుకోరు.

పాక, గడ్డి, థర్మాకోల్ మంచు

బేత్లెహేము పాక మీద థర్మాకోల్ మంచు చల్లడం ఎప్పుడు మొదలైందో గానీ, మానేయాల్సిన పని అది. 2022 జులై 1 నుంచి అలంకరణకి వాడే థర్మాకోల్ దేశమంతటా నిషేధం. ఆ గుళ్ళు మురుక్కాలువ నుంచి చెరువుకీ, పశువుల పొట్టలోకీ పోతాయి. పాకకి వరిగడ్డి, బంకమన్ను బొమ్మలు ఉంటే మంచు అక్కర్లేదు.

పచ్చిక కావాలంటే వెడల్పాటి పళ్ళెంలో అంగుళం మట్టి పరిచి, ఒక రాత్రి నానిన రాగులో గోధుమలో ఒత్తుగా చల్లండి. గోధుమ డిసెంబరు 14న చల్లితే 24కి అరచేతి ఎత్తు వస్తుంది, రాగి రెండు మూడంగుళాలు. మొదటి మూడు రోజులు తడి గోనె కప్పి ఉంచండి. నీళ్ళు పోయకుండా చిలకరించండి, పోస్తే గింజలన్నీ ఒక మూలకి కొట్టుకుపోతాయి.

సీరియల్ సెట్లు

కిందటేటి సెట్టు వాడేముందు పగటిపూట గంటసేపు వెలిగించి, తీగ వెంబడి చెయ్యి పోనివ్వండి. ప్లగ్గు తీసేశాకే సుమా. ఎక్కడైనా వెచ్చగా, మెత్తగా తగిలితే పారేయండి. ఒకదాని తోకకి ఒకటి మూడు నాలుగు సెట్లు తగిలించకండి. మెరుపు కాగితం తీగలు, ఇనుప చట్రం చెట్లు, నాసిరకం సెట్లు కలిస్తే షాక్ కొడుతుంది. ఇంటికి ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) లేకపోతే పండగ పేరుతో అయినా పెట్టించండి. పడుకునేముందు ప్లగ్గు తీసేయండి.

కొనుగోళ్ళ మాట

పండగకి ముందే జరుపుకునే సెమీ క్రిస్మస్‌ల పేరుతో డిసెంబరంతా ఆఫీసులో, కాలనీలో, గుడిలో, ఇంట్లో కానుకలు ఇచ్చిపుచ్చుకోవడం పెరిగిపోయింది. పన్నెండుమంది ఉన్న కుటుంబంలో ప్రతివాళ్ళూ ప్రతివాళ్ళకీ ఇస్తే 132 కానుకలు. చీటీలు వేసి ఒక్కొక్కరూ ఒక్కొక్కరికి ఇస్తే పన్నెండు. ఆగమన కాలం మొదటి ఆదివారం, అంటే నవంబరు చివరనో డిసెంబరు మొదట్లోనో, చీటీలు తీయండి. భార్యాభర్తలకి ఒకరిది ఒకరికి వస్తే మళ్ళీ వేయాలి. కానుక ఖర్చుకి పరిమితి పెద్దవాళ్ళు కాదు, ఇంట్లో తక్కువ సంపాదించే వాళ్ళు చెప్పాలి, ఎక్కువ సంపాదించేవాళ్ళు చెబితే మిగతావాళ్ళు మొహమాటానికి అప్పు చేస్తారు. బట్టలు ఏటా కొంటున్నవే కాబట్టి వాటిని ఈ లెక్కలోనే కలిపేయండి.

పిండివంటలు మాత్రం తగ్గించమని ఎవరం చెప్పం. అరిసెలు, కజ్జికాయలు ప్లాస్టిక్ డబ్బాల్లో కాకుండా స్టీలు గిన్నెలో పంపి, గిన్నె తిరిగి తెచ్చుకుంటే ఇరుగుపొరుగు రాకపోకలూ సాగుతాయి.

పండగ అయ్యాక

ముగ్గురు జ్ఞానుల పండుగ జనవరి 6. ఆ రోజు అలంకరణలు తీయడం పాత పద్ధతి. వెదురు చెట్టుకి కుచ్చు విప్పనక్కర్లేదు. పై నుంచి పాత దుప్పటి తొడిగి, ఎండు వేపాకు గుప్పెడు లోపల వేసి అటకెక్కించండి. నక్షత్రం కాగితం చింపేసి చట్రం మాత్రం దాచండి, జిగురు మిగిలిన కాగితానికి ఎలుక వస్తుంది. గోధుమ పచ్చిక ఆవుకి పెట్టండి.

వారం తిరగ్గానే భోగి. విరిగిన ప్లాస్టిక్ చెట్టు, జిగేల్ కాగితం, పాత సీరియల్ తీగలు ఆ మంటలో పడేస్తుంటారు. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, మంట చుట్టూ చేరిన చంటిపిల్లల కళ్ళూ గొంతూ మండుతాయి. భోగి మంటకి సరుగుడు తల ఇవ్వండి. దాని మీద ఒక్క తళుకు పోగు, ఒక్క గుండుసూది మిగలకుండా ముందు రోజు సాయంత్రమే ఏరేసి ఉంచండి.